నా మణికట్టు పెద్దది కాదు, మీ వాచీ చిన్నది

పోయిన నెల మా పెళ్ళిరోజుకి మావారు నాకు వాచీ కొనిపెడతానన్నారు. ఇరవై రెండేళ్ళలో చీరలయ్యాయి, గాజులయ్యాయి, మిక్సీ, వాషింగ్ మెషీను కూడా పెళ్ళిరోజు కానుకల ఖాతాలోనే చేరిపోయాయి. వాచీ ఒక్కటే మిగిలిందట. సరే, సంబరంగానే బయల్దేరాను. ఇంట్లో ఉండేదానికి వాచీ ఎందుకని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్పాలో కూడా దారిలోనే సిద్ధం చేసుకున్నాను. ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వేరేది ఎదురైంది.

షాపులో కుర్రాడు "లేడీస్" అని రాసున్న అద్దాల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మొదటిది సన్నటి బెల్టు, రూపాయి బిళ్ళంత డయలు, అంకెల చోట మెరిసే రాళ్ళు. బెల్టు చుట్టి చివరి చిల్లు దాకా లాగాడు. అందలేదు. రెండోది చివరి చిల్లుకి అందింది గానీ బెల్టుకి అటూ ఇటూ చర్మం పూరీలా పొంగింది. మూడోది చైను వాచీ. దాని కొక్కెం అసలు కలుసుకోనే లేదు. అప్పుడా కుర్రాడు తలెత్తి, "మేడమ్‌కి లేడీస్‌లో కష్టం సార్. జెంట్స్ అటుపక్క చూడండి" అన్నాడు. చెయ్యి నాది, మాట మావారితో. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు నా చేతివంక చూసి, మళ్ళీ మర్యాదగా చూపు తిప్పుకున్నారు.

నేనేం చేశానో తెలుసా? చెయ్యి కొంగులోకి లాక్కుని, "వద్దులెండి, ఫోన్‌లో టైము కనిపిస్తూనే ఉందిగా" అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను ఈ సంగతి. మన పరువు పోయిన సంగతులు మనమే ముందు నవ్వుతూ చెప్పేస్తే ఇంకెవరూ నవ్వరని మనకో నమ్మకం కదా. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అందుకే కదమ్మా నేనెప్పుడూ వాచీ అడగంది" అంది. పదో తరగతిలో ఆడపిల్లలంతా ఒకరి వాచీలు ఒకరు పెట్టుకుని చూసుకుంటుంటే దీని చేతికి ఒక్కటీ పట్టలేదట. "నీది అబ్బాయి చెయ్యే" అన్నారట. మూడేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ ఆ పిల్ల నిండు చేతుల చుడీదార్లే ఎందుకు కుట్టించుకుంటోందో నాకా రోజు అర్థమైంది. పద్ధతిగా ఉంటోందని మురిసిపోయాను ఇన్నాళ్ళూ!

నా చేతికి వాచీ పట్టకపోతే నేను సర్దుకుపోగలను. సర్దుకుపోవడంలో మనకు పీజీ పట్టా ఉంది. కానీ నా ఎముకతో పాటు నా సిగ్గు కూడా పిల్లకి పోయిందంటే మాత్రం ఊరుకోలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

చెప్పు చిన్నదైతే కాలు కోసుకుంటామా? చెప్పుల షాపులో "మీ పాదం మగ పాదమండీ" అని ఎవడైనా అంటాడా? ఏడో నంబరు కాకపోతే ఎనిమిది తెస్తాడు. జాకెట్టు కుట్టే అమ్మాయి టేపు వేసి కొలుస్తుంది, అంకె రాసుకుంటుంది, గుడ్డ కత్తిరిస్తుంది. "లేడీస్ జాకెట్టు ఇంతే ఉంటుంది, మీరే పట్టాలి" అనదు. మరి చేతి గడియారం దగ్గరికి వచ్చేసరికి కొలతలు ఏమైపోయాయి? అక్కడ ఉన్నవి రెండే రెండు సైజులు. ఒకటి ఆడ, ఒకటి మగ. కొలత చెప్పాల్సిన చోట పుట్టుక చెబుతున్నారు.

ఇదే చేతికి గాజులమ్మే మనిషిని చూడండి. మా ఊరికి మలారం మోసుకుంటూ వచ్చే గాజుల తాత ఉండేవాడు. చెయ్యి ఒక్కసారి నొక్కి చూసి "రెండు పది" అనేవాడు. అంతే. అందులో పొగడ్తా లేదు, వెక్కిరింతా లేదు. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది, రెండు పది, రెండు పన్నెండు. ఈ అంకెలు మనందరికీ నోటికొచ్చు గానీ వాటి అర్థం చాలామందికి తెలీదు. మొదటిది అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. రెండు ఎనిమిది అంటే రెండున్నర అంగుళాల వ్యాసం, అంటే 63 మిల్లీమీటర్ల పైన. రెండు పది అంటే దాదాపు 67 మిల్లీమీటర్లు. అక్షరం ముక్క రాని తాత పదహారో వంతు తేడాని వేళ్ళతో పట్టేసేవాడు. ఏసీ షాపులో టై కట్టుకున్న కుర్రాడి దగ్గర మాత్రం టేపు కూడా లేదు.

ముంజేతి కంకణానికి అద్దమెందుకు అన్నారు పెద్దలు. కంకణానికి అక్కర్లేదేమో గానీ, వాచీల వ్యాపారానికి మాత్రం ఒక అద్దం చూపించాల్సిందే.

మా నాన్న వాచీ కథ చెబుతాను. ఆయన పెళ్ళికి మా తాతగారు, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, పెట్టిన వాచీ. హెచ్‌ఎంటీ జనతా, రోజూ కీ ఇచ్చేది. ఆ రోజుల్లో పెళ్ళికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం మామూలే కదా. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలయ్యాక మధ్యతరగతి పెళ్ళిళ్ళలో ఆ పేరు వినపడని పెళ్ళి తక్కువ. ఆడపిల్ల ఇంటి డబ్బుతో వాచీ, కట్టుకునేది అల్లుడు. పెళ్ళికూతురికి గాజులు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, పాలు పితికి, పిల్లల్ని బడి వేళకి తయారుచేసి, ఆయన బస్సు వేళకి క్యారేజీ కట్టిన మా అమ్మకి జీవితంలో వాచీ లేదు. కోడికూత, రేడియోలో వార్తలు, గోడమీద ఎండ, ఇవే ఆవిడ గడియారాలు. ఇంట్లో టైముతో ఎక్కువ పనిపడింది ఎవరికో మీరే చెప్పండి.

ఆ వాచీ ఇప్పుడు నా దగ్గరుంది. షాపు నుంచి వచ్చిన రాత్రి బీరువాలోంచి తీసి, మా అమ్మాయి జామెట్రీ బాక్సులో స్కేలుతో కొలిచాను. కీ తిప్పే గుండీ వదిలేసి డయలు అడ్డంగా కొలిస్తే 35 మిల్లీమీటర్లు. యాభై ఏళ్ళ కిందట మీసాలున్న మగవాళ్ళు దర్జాగా కట్టుకుని తిరిగిన వాచీ అది. మా నాన్న ఒక్కడిదే కాదు, ఆ కాలపు మగవాళ్ళ వాచీలు చాలావరకు 34 నుంచి 36 మిల్లీమీటర్ల మధ్యే ఉండేవి. ఇవాళ అదే 34, 36 మిల్లీమీటర్ల వాచీ ఆడవాళ్ళ బల్ల మీద కనిపిస్తుంది. మగవాళ్ళవి 40, 42, 44కి పోయాయి. ఈ యాభై ఏళ్ళలో మగవాళ్ళ ఎముకలేం లావెక్కలేదు. ఫ్యాషన్ మారిందంతే. మరి ఫ్యాషన్ మారినప్పుడల్లా అటూ ఇటూ జరిగే గీతని పట్టుకుని, నా పిల్ల చెయ్యి ఆ గీతకి ఇవతల ఉందా అవతల ఉందా అని తీర్పు చెప్పడానికి వీళ్ళెవరు?

ఇంకో తమాషా ఏమిటంటే, చేతికి గడియారం కట్టుకోవడం మొదలుపెట్టిందే ఆడవాళ్ళు. నేపుల్స్ రాణి కరోలిన్ మ్యూరా 1810లో పారిస్‌లో బ్రెగే అనే పేరుమోసిన గడియారాల నిపుణుడికి చేతికి కట్టుకునే గడియారం చెయ్యమని పురమాయించింది. 1812లో అది తయారైంది. 1868లో పటెక్ ఫిలిప్ కంపెనీ హంగరీకి చెందిన ఒక జమీందారిణి కోసం అలాంటిదే చేసింది. అప్పటి మగవాళ్ళకి గడియారమంటే జేబులో గొలుసు గడియారమే. చేతి గడియారం ఆడవాళ్ళ నగ అని చిన్నచూపు చూసేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, కందకాల్లో తుపాకీ పట్టుకున్న సైనికుడికి జేబులో చెయ్యి పెట్టి టైము చూసుకునే వీల్లేకపోయాకే అది మగవాళ్ళ మణికట్టు మీద స్థిరపడింది. అంటే పనిపడినప్పుడు మన నగని వాళ్ళు పనిముట్టు చేసుకున్నారు. తర్వాత మన చేతికి మళ్ళీ నగనే మిగిల్చారు. అంకెలు తీసేసి రాళ్ళు పెట్టారు, సెకన్ల ముల్లు తీసేశారు, డయలు చిన్నది చేశారు.

నలభై దాటాయి నాకు. చత్వారం వచ్చింది. ఆ మాటలోనే నలభై ఉంది, చూడండి. అంకెల్లేని రూపాయి బిళ్ళ మీద రెండు వెంట్రుకల్లాంటి ముళ్ళు పెట్టి టైము చూసుకోమంటే, కళ్ళజోడు వెతుక్కునేలోపు పాలు పొంగిపోతాయి. చెయ్యి లావైనా సన్నమైనా, నా వయసు ఆడవాళ్ళలో చాలామందికి కావలసింది స్పష్టంగా కనిపించే డయలు. అది "మగ" బల్ల మీద ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇక సలహాలు. ఈ సంగతి చెప్పగానే మా ఆడపడుచు "కొంచెం తగ్గు వదినా, చేతులు కూడా సన్నబడతాయి" అంది. ప్రేమతోనే అంది. కానీ మణికట్టు దగ్గర ఉండేది ముఖ్యంగా ఎముక, నరాలు, చర్మం. పొట్ట తగ్గినట్టు అది తగ్గదు. లావైనప్పుడు కొంత పెరుగుతుంది, కడుపుతో ఉన్నప్పుడు, నీరు పట్టినప్పుడు ఉబ్బుతుంది, నిజమే. కానీ సన్నగా పొడుగ్గా ఉండే మా అమ్మాయికీ నా మణికట్టే వచ్చింది. అది మా అమ్మది, ఆవిడకి వాళ్ళమ్మది. అన్నం మానేసి ఎముక అరగదీసుకోమంటారా?

"ఆడవాళ్ళకి సున్నితంగా ఉంటేనే అందం" అంటారు ఇంకొందరు. ఉండనివ్వండి, నాకేం పేచీ లేదు. చిన్న డయలు ఇష్టమైనవాళ్ళు చిన్నదే కట్టుకోవాలి. పెద్ద చేతికి చిన్న డయలు నప్పదనీ నేననను. కానీ ఆ చిన్న డయలుకి పొడుగు బెల్టు ఎందుకు వెయ్యరు? అక్కడే ఉంది మోసం. డయలు చిన్నదైతే బెల్టు కూడా కురచగానే ఉండాలని, చిన్న వాచీ ఇష్టపడే ఆడదానికి చెయ్యి కూడా సన్నగానే ఉండి తీరాలని వీళ్ళే తీర్మానించేశారు. గాజుల్లో సన్న గాజు రెండు నాలుగులోనూ దొరుకుతుంది, రెండు పన్నెండులోనూ దొరుకుతుంది. సున్నితం వేరు, సైజు వేరు అని గాజుల తాతకి తెలుసు.

"ఈ కాలంలో వాచీ ఎవరు పెట్టుకుంటున్నారు, ఫోన్ ఉండగా" అనేవాళ్ళకి నేనే ఆ మాట షాపులో అన్నదాన్ని కాబట్టి నేనే జవాబు చెబుతాను. చేతులకి శనగపిండి ఉన్నప్పుడు ఫోన్ పట్టుకోలేం. టైము చూద్దామని ఫోన్ తీస్తే వాట్సాప్‌లో అరగంట పోతుంది, చూసిన టైము గుర్తుండదు. అయినా అసలు సంగతి అది కాదు. వాచీ అక్కర్లేదని మనం అనుకుంటే అది మన ఇష్టం. చేతికి పట్టక అక్కర్లేదనుకుంటే అది అబద్ధం. నేనా రోజు చెప్పింది అబద్ధమే.

"చెయ్యలేరేమో పాపం" అని కంపెనీల మీద జాలిపడేవాళ్ళూ ఉన్నారు. స్మార్ట్ వాచీలు చూడండి. యాపిల్ వాచీ మొదట్నుంచీ రెండు సైజుల్లో వస్తోంది. చిన్నది, పెద్దది, అంతే. ఆడదీ మగదీ అని లేదు. బెల్టులు కూడా చిన్న చేతికి ఒకటి, పెద్ద చేతికి ఒకటి. గుండె వేగం లెక్కపెట్టాలంటే వాచీ చర్మానికి సరిగ్గా ఆనాలి కాబట్టి వాళ్ళకి కొలత తప్పలేదు. అవసరమైతే అందరూ చెయ్యగలరన్నమాట.

ఆవేశం సరే, రేపు షాపుకి వెళ్తే ఏం చెయ్యాలి? నేను మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని తెలుసుకున్నవి చెబుతాను. కుట్టుమిషను దగ్గరుండే టేపు తీసుకోండి. చిటికెనవేలి వైపు మణికట్టు మీద బొడిపెలా ఎముక ఉంటుంది కదా, దానికి కాస్త పైన, మోచేతి వైపు, వాచీ కట్టుకునే చోట చుట్టూ కొలవండి. మరీ బిగించొద్దు. పొద్దున ఒకసారి, ఎండపూట ఒకసారి కొలవండి, ఎందుకంటే వేడికి చెయ్యి కాస్త ఉబ్బుతుంది. గాజుల సైజు చూసి వాచీ సైజు అంచనా వెయ్యకండి. గాజు మెటికలు దాటి ఎక్కాలి కాబట్టి అది అరచేతి కొలత. మెత్తటి చెయ్యి ఉన్నవాళ్ళకి మణికట్టు లావైనా చిన్న గాజు ఎక్కుతుంది, గట్టి చేతికి ఎక్కదు.

చుట్టుకొలత 15 సెంటీమీటర్ల లోపైతే షాపులో "లేడీస్" అని ఉన్నవన్నీ మీవే, హాయిగా కొనుక్కోండి. 15 నుంచి 17 వరకూ 32 నుంచి 36 మిల్లీమీటర్ల డయలు బాగా కుదురుతుంది. 17 దాటితే 36 నుంచి 40. 18న్నర దాటితే 42 కూడా పెద్దగా కనిపించదు. ఇది శాస్త్రం కాదు, అంచనా. అసలైన పరీక్ష ఇంకొకటుంది. డయలుకి పైనా కిందా బెల్టు తగిలించే కాళ్ళలాంటివి ఉంటాయి. ఈ చివరి కాలు నుంచి ఆ చివరి కాలు వరకూ ఉన్న పొడవు, మీ మణికట్టు పైభాగపు వెడల్పు లోపల ఉండాలి. కాళ్ళు చేతి అంచు దాటి గాల్లో వేలాడితే ఆ వాచీ మీకు పెద్దది, ఏ బల్ల మీదిదైనా సరే.

బెల్టు మధ్య చిల్లులో పడాలి. చివరి చిల్లులో ఇరుక్కుంటే అది మీ సైజు కాదు, "ఇంకో చిల్లు పొడుస్తాం మేడమ్" అంటే ఒప్పుకోకండి. మగవాళ్ళ మామూలు బెల్టు రెండు ముక్కలూ కలిపి 19 సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది, ఆడవాళ్ళది అంతకంటే కురచ. వాచీ నచ్చి బెల్టు చాలకపోతే బెల్టు ఒక్కటే మార్పించుకోవచ్చు. కాళ్ళ మధ్య వెడల్పు, 14, 16, 18 మిల్లీమీటర్లు, ఎంతుందో చూసి అదే వెడల్పులో పొడుగు బెల్టు అడగండి. చైను వాచీ అయితే ఉన్న లింకులతో కొక్కెం పడుతుందో లేదో ముందే చూసుకోండి. లింకులు తియ్యడం తేలిక, అదే మోడలుకి తర్వాత అదనపు లింకులు దొరకడం కష్టం. తీసినవి అడిగి తెచ్చుకుని బీరువాలో దాచండి. కట్టుకున్నాక చిటికెనవేలు కిందకి దూరేంత వదులుండాలి.

"జెంట్స్" బల్ల దగ్గరికి వెళ్ళడానికి వెనకాడకండి. ఆ మాట బల్ల మీద రాసుంది, వాచీ మీద కాదు. అయితే అక్కడికి వెళ్ళి కొనుక్కుని సరిపెట్టుకుంటే కూడా చాలదంటాను. పెట్టె మీద డయలు ఎన్ని మిల్లీమీటర్లు, బెల్టు ఎంత చుట్టుకొలతకి పడుతుంది అని రాయమని అడుగుదాం. పప్పు పొట్లం మీద తూకం రాస్తున్నారుగా. షాపులో కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, వాడికి ఎవరూ టేపు ఇవ్వలేదు. "టేపు ఉందా బాబూ" అని అడగండి చాలు. రోజుకి పదిమంది అడిగితే టేపు దానంతటదే వస్తుంది.

ఇంట్లో మనం మార్చుకోవాల్సింది కూడా ఒకటుంది. "మొరటు చేతులు", "మగ చెయ్యి", "గాజులెక్కవు తల్లీ నీకు" అని పిల్లల్ని మనమే అంటాం. నేనూ అన్నాను, సరదాకే. వాళ్ళు సరదాగా తీసుకోలేదని మూడేళ్ళ తర్వాత తెలిసింది.

మొన్న నాన్న వాచీని బజారులో గడియారాలు బాగుచేసే పెద్దాయనకి ఇచ్చాను. శుభ్రం చేసి, నూనె వేసి, పొడుగాటి గోధుమరంగు బెల్టు తొడిగి ఇచ్చాడు. మా అమ్మాయి కట్టుకుంది. బెల్టు సరిగ్గా నడిమి చిల్లులో పడింది. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకుని కాలేజీకి పోతోంది. నిన్న పొట్టి చేతుల కుర్తా తొడుక్కుంది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

నాకు మావారు మళ్ళీ వెళ్ళి 38 మిల్లీమీటర్లది కొన్నారు. పెద్ద అంకెలు, సెకన్ల ముల్లు. ఈసారి కుర్రాడితో నేనే మాట్లాడాను. "నా మణికట్టు పద్దెనిమిది సెంటీమీటర్లు బాబూ, దానికి తగ్గది చూపించు" అన్నాను. ఆ అంకె పైకి చెప్పడానికి నాకు నలభై ఆరేళ్ళు పట్టింది. మీకంత పట్టకూడదు. టేపు తియ్యండి.